మళ్లీ పుట్టిన బాతులు

తొంభైలలో ఆదివారం దూరదర్శన్ ముందు కూర్చున్నవారికి, బంగారు నాణేల గుట్టలో ఈతకొట్టే పిసినారి బాతు గుర్తుండే ఉంటుంది. పేరు స్క్రూజ్ మెక్‌డక్. 1947లో కార్ల్ బార్క్స్ కామిక్స్ కోసం సృష్టించాడు. 1987లో ‘డక్‌టేల్స్’ పేరుతో టీవీ సీరియల్ వచ్చింది. మనం చూసింది దాని హిందీ డబ్బింగు.

2017లో డిస్నీ ఈ సీరియల్‌ని కొత్తగా తీసింది. పాతదానికి రంగులద్ది వదిలెయ్యలేదు. అప్పట్లో స్క్రూజ్ దగ్గరుండే హ్యూయీ, డ్యూయీ, లూయీ అనే ముగ్గురు పిల్లల్ని బట్టల రంగు చూసి పోల్చుకోవాల్సిందే. ముగ్గురికీ రస్సీ టేలర్ గొంతే మరి! ఇప్పుడు మూడు గొంతులు, మూడు స్వభావాలు. హ్యూయీ పుస్తకాల పురుగు, డ్యూయీ దూకుడు మనిషి, కాదు కాదు, దూకుడు బాతు. లూయీ పని తప్పించుకునే టక్కరి. అన్నట్టు, హ్యూయీకి గొంతిచ్చిన డానీ పూడి తండ్రి తెలుగువారు.

అసలు మార్పు ఇంకొకటుంది. ఈ పిల్లల తల్లి ఏమైంది? పాత సీరియల్ ఆ ఊసే ఎత్తలేదు. కొత్తది ఆ లోటునే కథగా మలుచుకుంది. తల్లి డెల్లా చంద్రుడి మీద చిక్కుకుపోయి ఉంటుంది. తిరిగొచ్చాక, తాను లేకుండానే పెరిగిన పిల్లలకు దగ్గర కావడానికి తంటాలు పడుతుంది. నవ్వించే కార్టూన్‌లో ఇంత తడి ఉంటుందని నేననుకోలేదు.

పాత టైటిల్ పాటను మాత్రం వదల్లేదు, కొత్త గొంతుతో పాడించారు. 2021 మార్చిలో ఈ సీరియల్ ముగిసింది. వీలైతే ఇంట్లో పిల్లలతో కలిసి చూడండి.