రేగడి నేలకు ఏ చక్రం?

(ఒంగోలులో పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



డి.ఎ. బకాయిల గురించి, వైద్య ఖర్చుల గురించి నాకన్నా బాగా తెలిసినవారు ఇప్పటికే మాట్లాడారు. నేను సర్వీసంతా డిపార్టుమెంటు వర్క్‌షాపులో జీపుల కింద పడుకొని గడిపినవాడిని. అందుచేత కార్యదర్శి గారు నన్ను టైర్ల సంగతి చెప్పమన్నారు. పెన్షనర్లకు టైర్లతో ఏమి పని అని నవ్వకండి. ఈ మధ్య మన ఇళ్ళలో కొడుకులు, మనుమలు జీపు తరహా బళ్ళు కొంటున్నారు. కొన్న నెలకే కంపెనీ టైర్లు తీసేసి లావు టైర్లు, వెడల్పు రిమ్ములు వేయిస్తామంటున్నారు. ఆ డబ్బు చాలాసార్లు తాతగారి కమ్యుటేషన్ సొమ్ములోనుంచే వస్తున్నది!

ముందుగా మనందరం ఎక్కిన బండిని తలచుకుందాం. ఒంగోలు గిత్తలు లాగిన పెద్ద బండి చక్రం మనిషి రొమ్ము ఎత్తు ఉండేది. ఇనుప పట్టా మాత్రం సన్నం. చక్రం ఎత్తు కనుక గుంత వచ్చినా దొర్లిపోయేది. పట్టా సన్నం కనుక మెత్తటి నేలలో కత్తిలాగా దిగేది. తర్వాత రబ్బరు టైరు బండి వచ్చింది. చక్రం పొట్టిదైనా, గాలి ఉన్న వెడల్పు టైరు బరువును ఎక్కువ నేల మీదికి పంచింది. అదే ఎడ్ల జత మరిన్ని బస్తాలు లాగింది. ఎత్తు చేసే పని వేరు, వెడల్పు చేసే పని వేరు. ఈ తేడా మన రైతులకు లెక్కలు లేకుండానే తెలుసు. మనుమలకు మాత్రం చెప్పవలసి వస్తున్నది.

ఇక జీపు. మన ఆఫీసు జీపులకు ఉన్నది 6.00-16 టైరు. అంటే టైరు వెడల్పు 6 అంగుళాలు, రిమ్ము వ్యాసం 16 అంగుళాలు. నిలబెడితే సుమారు 28, 29 అంగుళాల ఎత్తు. ఇప్పటి టైరు మీద 235/70 ఆర్ 16 అని ఉంటుంది. 235 మిల్లీమీటర్లు వెడల్పు. అందులో నూటికి 70 వంతులు టైరు గోడ ఎత్తు. ‘ఆర్’ అంటే రేడియల్. 16 రిమ్ము అంగుళాలు. లెక్క కట్టి చూడండి, ఇదీ 29 అంగుళాల దగ్గరకే వస్తుంది. ఎత్తు మారలేదు, వెడల్పే పెరిగింది.

అంకె ఒకటే అయినంత మాత్రాన టైరు ఒకటే కాదు. చాలా ట్రాక్టర్ల ముందు చక్రాలకూ 6.00-16 టైరే ఉంటుంది. ఒక దుకాణదారుడు మా బంధువు జీపుకు చవకగా దొరికిందని అదే అంటగట్టాడు. అది నిలువు గీతల టైరు. దుక్కిలో ట్రాక్టరును తిన్నగా తిప్పడానికి చేసినదే గాని, హైవే మీద వేగానికి చేసినది కాదు. అదృష్టం కొద్దీ మేదరమెట్ల దాటకముందే మేము చూసి తీయించాం.

లావు టైరు మంచిదా, సన్నటి టైరు మంచిదా అని అందరూ అడుగుతారు. నేను ఎదురు ప్రశ్న వేస్తాను: ఏ నేల మీదికి పోతావు నాయనా? పైన నాలుగంగుళాల బురద, కింద గట్టి కంకర ఉన్న డొంక అయితే సన్నటి టైరే మేలు. బురదను కోసుకొని గట్టి నేలను పట్టుకుంటుంది. కొత్తపట్నం ఇసుకలో అయితే వెడల్పు కావాలి. అక్కడ కూడా కొత్త టైరు కొనవలసిన పని లేదు. రోడ్డు మీద 30 పౌండ్ల గాలి ఉన్నచోట 20 దాకా తగ్గిస్తే, ఉన్న టైరే నేల మీద పొడుగ్గా పరచుకుంటుంది. ట్యూబు టైరైతే అంతకన్నా తగ్గించకండి, రిమ్ము మీద టైరు జారి వాల్వు తెగుతుంది. తిరిగి తారు రోడ్డు ఎక్కేముందు గాలి కొట్టుకోవాలి. తక్కువ గాలితో వేగంగా పోతే టైరు వేడెక్కి పగులుతుంది. చీమకుర్తి క్వారీల వైపు పోయేవారికి వెడల్పుతో పని లేదు, గోడ మందంగా ఉన్న టైరు కావాలి. గ్రానైటు చెక్కలు గోడనే కోస్తాయి.

పర్చూరు, ఇంకొల్లు వైపు నల్లరేగడి సంగతి వేరు. ఎండితే నెర్రెలు, తడిస్తే ఉబ్బి జిగురు. గాళ్ళు దగ్గర దగ్గరగా ఉన్న టైరు పది గజాలలో మట్టి నింపుకొని నున్నటి ఉండ అయిపోతుంది. గాళ్ళు లోతుగా, ఎడంగా ఉంటే తిరిగేటప్పుడు కొంత మట్టి విదిలిస్తుంది. ఇక్కడ సైజుకన్నా గ్రిప్పు ముఖ్యం. గట్టి వాన పడితే మాత్రం ఏ గ్రిప్పూ లేదు. మిరప కల్లంలో తడుస్తున్నదని ఆత్రపడితే కాయా దిగబడుతుంది, జీపూ దిగబడుతుంది. వాన కురవకముందే పట్టా కప్పుకోవడం చవక.

ఇప్పుడు డబ్బు, ప్రాణం సంగతి. 28న్నర అంగుళాల టైరు తీసి 31 అంగుళాలది వేశారనుకోండి. నేల నుంచి ఇరుసు లేచేది అంగుళంపావే. ఎత్తు తేడాలో సగమే గదా వచ్చేది! చక్రం మాత్రం నూటికి తొమ్మిది వంతులు పెరిగింది. స్పీడోమీటరు 60 చూపితే బండి 65 మీద పోతూ ఉంటుంది. ఎత్తు ఎక్కేటప్పుడు లాగుడు తగ్గుతుంది. బ్రేకు పాతదే, ఆపవలసిన చక్రం పెద్దది. రిమ్ము బయటికి జరిపి వేస్తే హబ్బు బేరింగుల మీద భారం పెరుగుతుంది, స్టీరింగు తిప్పినప్పుడు టైరు మడ్‌గార్డుకు రాసుకుంటుంది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం రిజిస్ట్రేషన్‌లో ఉన్న వివరాలకు భిన్నంగా బండిని మార్చరాదు. ప్రమాదం జరిగిన రోజున ఇన్సూరెన్సువారు అడిగే మొదటి ప్రశ్నల్లో ఇదొకటి కావచ్చు.

ఇంకొకటి, ఇది చాలామంది పట్టించుకోరు. మన పాత తరహా ఫోర్‌వీల్ జీపులో నాలుగు చక్రాలూ కలిపి తిరిగేటప్పుడు ముందూ వెనుకా ఒకే సైజు ఉండాలి. ముందు అరిగిన టైర్లు, వెనుక కొత్త టైర్లు ఉంచి తారు రోడ్డు మీద ఫోర్‌వీల్ వేస్తే ఆ తేడా అంతా ట్రాన్స్‌ఫర్ కేసు మీద పడుతుంది. దాని మరమ్మతు ఖర్చు ముందు టైర్ల ధర చిన్నదే. కాబట్టి పొదుపు పేరుతో రెండే కొనకండి. స్టెప్నీ కూడా అదే సైజు ఉండాలి.

మా మిత్రులొకరు నిన్న అడిగారు, మనుమడు ఊరుకోవడం లేదు, ఏమి చెప్పమంటారని. కంపెనీ చెప్పిన సైజులోనే గ్రిప్పు ఎక్కువ ఉన్న టైర్లు అయిదు కొనమన్నాను. గోడ మీద నాలుగంకెల తయారీ వారం, సంవత్సరం చూసుకోమన్నాను. 2324 అంటే 2024లో 23వ వారం. మిగిలిన సొమ్ములో ఒక గాలి గేజి, ఒక పంపు, ఒక గట్టి లాగుడు తాడు. రిమ్ములకు నల్లరంగు వేయించుకుంటానని మనుమడు అన్నాడట. వేయించుకోనివ్వండి, రంగుకు బరువు లేదు.

మీ ఇంటి బండి టైరు అంకెలు ఒక కాగితం మీద రాసి తెస్తే, సంఘ కార్యాలయంలో నేను ఉన్నప్పుడు చూసి చెబుతాను. గోడ మీదివి అన్నీ రాయండి, మధ్యలో ఏదీ వదలకండి. సెలవు.