“సోక్ అప్” అను ఆంగ్లపదబంధము



మీ మనుమడు ఆంగ్లవాచకమును ముందిడుకొని “సోక్ అప్” అను మాటకడ ఆగిపోయినాడనుకొనుడు. నిఘంటువు తెరచినాడు. “సోక్” అనగా నానుట. “అప్” అనగా పైకి. రెండును కూర్చగా “పైకి నానుట” అయినది. ఎంత తలచినను అర్థము చిక్కలేదు. ఈ చదువు తనకు రాదని పుస్తకము మూసివేసినాడు. అట్టి బాలునికి ఆంగ్లము రాని పెద్దలు సైతము తోడుపడగలరని మనవిచేయుటకే నేటి ప్రసంగము.

ఈ చిక్కు మనకు మాత్రమే కలిగినది కాదు. 1755లో గొప్ప ఆంగ్లనిఘంటువును ప్రకటించిన శామ్యూల్ జాన్సన్ పండితుడు, క్రియవెంట ఒక చిన్న మాట చేరి అర్థము మారిపోవు ఇట్టి పదబంధములు పరదేశీయులకు మిక్కిలి కష్టములని తన పీఠికలోనే చెప్పియున్నాడు.

ఇచ్చట “అప్” అనుదానికి పైకి అను అర్థము లేదు. పని సంపూర్ణమగుటను అది తెలుపును. “ఈట్” అనగా తినుట. “ఈట్ అప్” అనగా తినివేయుట. “డ్రై” అనగా ఎండుట. “డ్రై అప్” అనగా ఎండిపోవుట. మన భాషలోను ఇట్టి సంప్రదాయమే కలదు. చెరువు ఎండిపోయినదన్నచో చెరువు ఎచ్చటికిని పోలేదు. ఇసుక నీటిని పీల్చుకొన్నదన్నచో ఇసుక దేనిని వెలయిచ్చి కొనలేదు. తెలుగు నేర్చు దొర యొకడు మాటకు మాట పెట్టి చూచినచో వానికిని మన బాలుని గతియే పట్టును.

ఇక ప్రయోగము. విత్తనపు వడ్లను నానవేసి మండె కట్టుదుము. ఆ నానవేయుటకు “సోక్” చాలును. పశువుల కొట్టములో పరచిన ఎండుగడ్డి మూత్రమును పీల్చుకొనును. అచ్చట “సోక్ అప్” అనవలెను. నానునది నీటిలో ఊరక యుండును. పీల్చుకొనునది నీటిని తనలోనికి తీసికొనును. సిరా కలముల దినములలో అద్దుడు కాగితము చేసిన పని యిదియే. “సోక్ ఇన్” అను మరియొకటి కలదు. వాన నేలలో ఇంకినదనుటకు “సోక్ ఇన్”. నేల వానను పీల్చుకొన్నదనుటకు “సోక్ అప్”. జరిగినది ఒక్కటే, కర్త మారినది.

పదముల వరుసయు గమనింపదగినది. “వాటర్” వంటి నామము “అప్”నకు ముందైనను వెనుకనైనను రావచ్చును. “ఇట్” వంటి సర్వనామము మాత్రము నడుమనే నిలువవలెను. “సోక్ ఇట్ అప్” సాధువు. “సోక్ అప్ ఇట్” అసాధువు.

ఈ మాట ద్రవములతో ఆగలేదు. ఇంగ్లండులో శీతకాలపు పగలు స్వల్పము, ఎండ అరుదు. కావున దొరకిన ఎండను వారు “సోక్ అప్” చేయుదురు. పుష్యమాసమున మనము నీరెండకు వీపు చూపి కూర్చుండుట యిట్టిదే. వైశాఖపుటెండకు ఈ మాట పొసగదు. వ్యయము ధనమును “సోక్ అప్” చేసినదన్నచో, తెలుగున “మ్రింగివేసినది” అనవలెను. వడ్డి పంటను మ్రింగివేయుట మీరెరుగనిది కాదు. శిశువు ఇంటిభాషను “సోక్ అప్” చేసినచో, ఆ భాష వానికి “ఒంటబట్టినది” అందుము. ఆంగ్లమున ఒక్క మాట. తెలుగున తావునుబట్టి వేరువేరు మాటలు. ఏ తావున ఏది తగునో నిఘంటువుకంటె మీకే బాగుగ తెలియును.

కావున బాలుడు వచ్చి అడిగినపుడు “మాకు ఇంగ్లీషు రాదు పొమ్ము” అని త్రోసిపుచ్చకుడు. వాక్యమంతయు చదివించి మూడు ప్రశ్నలడుగుడు. పీల్చుకొనునది ఏది? దేనిని పీల్చుకొనుచున్నది? అట్టి సందర్భమున మన యింట ఏమందుము? మూడవదానికి వాడు తడబడినచో మాట మీరందింపుడు. వల్లించిన అర్థము పరీక్ష ముగియగనే మరపునకు వచ్చును. తన భాషతో పోల్చి తెలిసికొన్నది ఒంటబట్టును. ఆ పోలికకు కావలసిన తెలుగు మీ యొద్ద సమృద్ధిగా నున్నది. దానిని పిల్లలకు అందనిండు.