ఎదిగిన బిడ్డలు, చేతిలోని ఫోను

మా చిన్నతనమున రేడియో ముందరి గదిలో ఎత్తైన బల్లపై నుండెడిది. దాని మీట త్రిప్పు అధికారము మా నాన్నగారిది. ఆయన విద్యార్థిగా నున్న రోజులలో, 1952 మొదలు కొన్నేండ్లపాటు, ఆకాశవాణిలో సినిమా పాటలు దాదాపుగా వినబడలేదు. 1957లో వివిధభారతి వచ్చువరకు పాటలు కావలసిన కుర్రవాండ్రు సిలోను రేడియో పెట్టుకొనెడివారు. "ఈ పెట్టె వీణ్ణి చెడగొడుతుంది" అని మా తాతగారు గొణుగుకొనెడివారట. మా నాన్నగారు చెడలేదు. ముప్పదియేండ్లు గుమాస్తాగా పనిచేసి గౌరవముగా విరమించిరి. క్రొత్త యంత్రమును చూచి పెద్దలు బెదరుట ప్రతి తరమునను ఉన్నదే.

అయినను ఒక భేదము కలదు. రేడియోలో వచ్చినది యింటివారందరును వినెడివారు. పాట బాగుండిన వంటింటిలోని అమ్మయు వినును. బాగుండనిచో తాతగారును విని కసరును. కసరుటకైనను ఒకరుండిరి. సెల్‌ఫోనులో వచ్చునది దానిని పట్టుకొన్నవానికే కనబడును. మన ప్రక్కనే కూర్చుండి పప్పన్నము కలుపుకొనుచున్న పిల్లవాడు ఆ క్షణమున ఏ ఆపదలో నున్నాడో మనకు తెలియదు.

ఇది పుస్తకములలో చదివి చెప్పుచున్న మాట కాదు. 2024లో మా అబ్బాయి బెంగుళూరున ఇంజనీరింగు రెండవ సంవత్సరము చదువుచుండెను. పందొమ్మిదేండ్లవాడు. అంతకు ముందు ఇంటరు రెండేండ్లును హాస్టలులో నుంచి చదివించితిమి. అచ్చట పిల్లలను ఫోను ముట్టనీయరు. ఆదివారమునాడు వార్డెనుగారి యెదుట నిలిచి అయిదు నిముషములు మాటాడుటయే. ఆ రెండేండ్లును నిశ్చింతగా గడచినవని మేము సంతోషించితిమి. ఈత నేర్పక గట్టున కూర్చుండబెట్టి, మూడవ యేట నడి చెరువులో దింపితిమని అప్పుడు తోచలేదు. ఇంజనీరింగులో చేరిననాడే మంచి ఫోను కొనియిచ్చితిమి. నెలనెల ఖర్చులకు డబ్బు ఆ ఫోనునకే పంపెడివారము.

వాడు డబ్బు పెట్టి ఆడు రమ్మీలో దిగెను. అట్టి ఆటలను మన రెండు రాష్ట్రములలో చట్టము అప్పటికే నిషేధించియుండెను. తెలంగాణమున 2017లో, ఆంధ్రప్రదేశమున 2020లో. బెంగుళూరున ఆ అడ్డు లేకుండెను. మొదట రెండువందల రూపాయలు గెలిచెనట. తరువాత గెలిచినది పోయెను, చేతి ఖర్చులు పోయెను, పరీక్ష రుసుమునకు మేము పంపిన డబ్బును పోయెను. అది పూడ్చుటకై ఏదో అప్పు యాప్‌లో ఆరువేలు తీసికొనెను. గడువు మీరగానే వారు వాని ఫోనులోని పేర్లు, నంబర్లు పట్టుకొని బంధుమిత్రులకు నీచమైన సందేశములు పంప మొదలిడిరి. అప్పిచ్చు యాప్‌లు ఆ నంబర్ల జోలికి పోరాదని రిజర్వు బ్యాంకు 2022లోనే ఆదేశించినది. దొంగ యాప్‌లకు ఆదేశములు పట్టునా?

మాకు సంగతి వాని వలన తెలియలేదు. మా బావమరదికి వచ్చిన సందేశము వలన తెలిసినది. ఆ నాలుగు నెలలును వాడు ప్రతి రాత్రి మాతో మాటాడుచునే యుండెను. "భోంచేశావా?" అని తల్లి అడుగుట, "చేశానమ్మా" అని వాడు చెప్పుట.

నేను రైలెక్కి పోయితిని. హాస్టలు మెట్లమీద కూర్చుండి, "మాతో ఎందుకు చెప్పలేదురా?" అని యడిగితిని. వాడు తల యెత్తకయే, "చెప్తే ఫోన్ లాక్కుంటారని, నాన్నగారూ" అనెను.

నాకు కోపము రాలేదు, సిగ్గు వచ్చెను. ఎందుకనగా, బడులు మూతబడిన 2020లో, పాఠములన్నియు ఫోనులోనే జరుగుచున్నప్పుడు, ఎవరో ఎరుగనివాడు తనకు చెడ్డ బొమ్మలు పంపుచున్నాడని ఈ పిల్లవాడే తానై వచ్చి నాతో చెప్పెను. నేను చేసిన పని యేమి? ఫోను లాగుకొని బీరువాలో పెట్టి తాళము వేసితిని. పంపినవానిని విడిచి, చెప్పినవానిని శిక్షించితిని. ఆ పాఠమును వాడు చక్కగా జ్ఞాపకముంచుకొనెను.

పిల్లలకు హద్దులు వలదని నేననుట లేదు. పదమూడేండ్ల పిల్లకు వేళ యేర్పరచుట, రాత్రి ఫోనులన్నియు ముందరి గదిలో నుండవలెననుట మంచిదే. మన ఫోనునకును అదే నియమము. (నేను మూడవ రాత్రియే దుప్పటి క్రింద మా అమ్మాయికి పట్టుబడితిని.) కాని నియమము వేరు, నిజము చెప్పినందుకు వేయు జరిమానా వేరు. పదునారేండ్లు నిండిన బిడ్డను మిత్రునివలె చూడవలెనని పెద్దలందురు. అప్పుపడితినని చెప్పుకొనుటకు జంకవలసినవాడు మిత్రుడెట్లగును?

చట్టములు వచ్చుచున్నవి. పదునారేండ్ల లోపువారికి సామాజిక మాధ్యమములలో ఖాతాలుండరాదను చట్టము ఆస్ట్రేలియాలో 2025 డిసెంబరు 10న అమలులోనికి వచ్చినది. మన దేశమున డబ్బు పెట్టి ఆడు ఆన్‌లైను ఆటలను నిషేధించుచు 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టము చేసినది. మంచిదే. కాని చట్టము వచ్చిననాడే ఆపద తప్పదు. ఫొటోను మార్చి, "డబ్బు పంపకున్న మీవారందరికి చూపుదును" అని బెదరించువారు పొంచియే యున్నారు. ఇట్టి వేధింపులకు తాళలేక ప్రాణములు తీసికొన్న యువకుల వార్తలు మనము చదివితిమి. అట్టి రాత్రి బిడ్డ వచ్చి తలుపు తట్టునా, తట్టడా అనునదే నా భయము.

తట్టినచో మొదట తిట్టరాదు. బెదరించువానికి డబ్బు పంపరాదు, పంపిన కొలది మరల అడుగును. సందేశములను చెరిపివేయరాదు, అవియే సాక్ష్యము. డబ్బు పోయినచో తెల్లవారువరకు ఆగక 1930 నంబరుకు ఫోను చేయవలెను. ఎంత త్వరగా చేసిన, ఆ డబ్బును బ్యాంకులలోనే ఆపుటకు అంత వీలు. బిడ్డ మనసు క్రుంగియున్నచో 14416 కలదు. టెలి మానస్ అను ఆ ప్రభుత్వ సేవలో తెలుగునను మాటాడుదురు.

మావాని ఫోను నేను తీసికొనలేదు. మెట్లమీద కూర్చుండియే ఇద్దరము కలిసి ఫిర్యాదు చేసితిమి. బంధువులకు నేనే ఒక్కొక్కరికి ఫోను చేసి జరిగినది చెప్పితిని. పరువు పోయినదని మొదటి రెండు ఫోనుల వరకు అనిపించెను. మూడవవారు, తమ యింట జరిగినది తామే చెప్పిరి.

మా అమ్మాయి తొమ్మిదవ తరగతి. అన్న సంగతి అంతయు ఎరుగును. మొన్న ఒక సాయంత్రము నా యెదుటికి వచ్చి, "నాన్నగారూ, ఇది కాస్త చూడండి" అని ఫోను చాచెను. అలవాటు చొప్పున నా చేయి లాగుకొనుటకే పోయినది. దానిని వెనుకకు తీసికొని, "కూర్చోమ్మా, చెప్పు" అంటిని. ఎవరిదో పెండ్లి పత్రిక యట. తెరచినచో ఫోనులోనికి దొంగ యాప్ దిగునదట. తాను తెరవలేదు. అదే పత్రిక ఉదయము నా ఫోనునకును వచ్చియుండెను. పెండ్లి ఎవరిదో యని నేను అద్దములకొరకు వెదకుచుంటిని.