విదేశాల్లో నైజీరియన్ల చిన్న వ్యాపారాలు – మనం నేర్చుకోవలసింది
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



స్వయం ఉపాధి గురించి మాట్లాడమని సంఘం వారు నన్ను అడిగారు. నిజం చెప్పాలంటే నేను వ్యాపారం చేసినవాణ్ణి కాను. ముప్పై ఏళ్లుగా ఒకటో తారీకు జీతం మీద బతుకుతున్న ఇంజనీరుని. అందుకని నా గొప్పలు కాకుండా, నేను దగ్గరగా చూసిన మనుషుల గురించి చెబుతాను. వాళ్లు నైజీరియన్లు.

నేను చాలాకాలం అమెరికాలోని హ్యూస్టన్‌లో పనిచేశాను. అది చమురు కంపెనీల ఊరు. నైజీరియాలో నైజర్ డెల్టా ప్రాంతంలో చమురు ఉంది కాబట్టి ఆ దేశపు ఇంజనీర్లు హ్యూస్టన్‌లో చాలామంది కనిపిస్తారు. నా పక్క సీటులో ఒక ఇగ్బో మిత్రుడు ఉండేవాడు. మధ్యాహ్నం నా పులిహోర ఆయనకు, ఆయన జొలోఫ్ అన్నం నాకు. కారంలో ఇద్దరం ఎవరికీ తీసిపోయేవాళ్లం కాదు.

2014 మధ్యలో వంద డాలర్ల పైన ఉన్న పీపా చమురు ధర 2016 మొదట్లో ముప్పై డాలర్ల కిందికి పడిపోయింది. ఊరంతా ఉద్యోగాలు ఊడాయి. మా విభాగంలో ఆయన పోయాడు, నేను మిగిలాను. నేను ఆయనకన్నా తెలివైనవాణ్ణి అయ్యి కాదు, జాబితాలో గీత ఎక్కడ పడిందో అంతే. ఆ రాత్రి నేనూ నా భార్యా కూర్చుని లెక్క వేసుకున్నాం. జీతం ఆగితే ఎనిమిది నెలలు. ఆ తర్వాత ఏమిటన్నదానికి మా దగ్గర జవాబు లేదు. ఆయన దగ్గర ఉంది. ఆయన భార్య అప్పటికే ఒక చిన్న కొట్టు నడుపుతోంది. ఏడాదిన్నర పాటు ఆరుగురి కుటుంబాన్ని ఆ కొట్టే నిలబెట్టింది.

ఆ కొట్టు చూడ్డానికి వెళ్లినప్పుడే నాకు ఈ విషయం మీద ఆసక్తి మొదలైంది. హ్యూస్టన్ నైరుతి వైపున బిసొనెట్ వీధి ప్రాంతంలో ఇలాంటి కొట్లు వరసగా ఉంటాయి. మన ఇండియన్ దుకాణాలుండే హిల్‌క్రాఫ్ట్‌కి దూరం కాదు. గారీ, ఎగూసీ, పామాయిలు, పెండలం దుంపలు. గారీ అంటే కర్రపెండలం తురిమి, పులియబెట్టి, వేయించిన రవ్వ. ఎగూసీ ఒక రకం పుచ్చగింజలు. అకారా అని వాళ్లు వేసుకునేది అచ్చంగా మన బొబ్బర్ల వడ. ఇంకో మూల గట్టి కట్టెలాంటి ఎండు చేపలు. అవి నార్వే చలిగాలికి ఎండిన కాడ్ చేపలు. 1967–70 అంతర్యుద్ధ కాలంలో సహాయ సామగ్రిగా కూడా వచ్చి ఇగ్బోల ఇళ్లలో ఆ రుచి మరింత పాతుకుపోయింది. నార్వే చేప నైజీరియన్ వంటకం కోసం టెక్సాస్‌లో అమ్ముడుపోతోంది!

అదే కొట్టులో ఒక పక్క కుట్టుమిషను. నైజీరియన్ల పెళ్లిళ్లలో చుట్టాలూ స్నేహితులూ అందరూ ఒకే రకం గుడ్డ కట్టుకుంటారు. దాన్ని అషో ఎబీ అంటారు. వందమంది పిలుపుకి వందమందికీ గుడ్డ కావాలి, కుట్టు కావాలి, ఆడవాళ్లకు తలపాగా కట్టే మనిషి కావాలి, వంట కావాలి, కుర్చీలు కావాలి. ఒక్క పెళ్లి ఐదారుగురికి పని. మరో పక్క జడలు అల్లేవాళ్లు. 2015లో టెక్సాస్ రాష్ట్రం జడలు అల్లడానికి లైసెన్సు అక్కర్లేదని చట్టం చేశాక ఎంతోమంది ఆడవాళ్లకు ఆ దారి తేలికైంది. అక్కడ గోడకు వేలాడే సవరాలు చూపించి, "ఇవి మీ దేశపు జుట్టే" అన్నారు. మనం తిరుమలలో మొక్కు తీర్చుకుని వచ్చేస్తాం. ఆ జుట్టును దేవస్థానం వేలం వేస్తుంది. మన ఏలూరులో జుట్టును శుభ్రం చేసి ఎగుమతి చేసే పెద్ద పరిశ్రమే ఉంది. మనం ఇచ్చి మరిచిపోయినది ఇంకొకరికి అన్నం పెడుతోంది.

ఇక్కడ నేను గమనించింది ఒకటే. వాళ్లెవరూ కొత్త ఆలోచన కోసం వెతకలేదు. తమవాళ్లకు పరాయి దేశంలో ఏది దొరకడం లేదో చూసి అది తెచ్చిపెట్టారు. లండన్‌లో పెక్హామ్‌ను 'లిటిల్ లేగోస్' అంటారు. అక్కడా ఇదే సూత్రం.

మరి పెట్టుబడి? కొత్తగా వచ్చినవాళ్లకు బ్యాంకు అప్పివ్వదు. ఆ కొట్టు 'అజో' డబ్బుతో మొదలైంది. యొరుబా వాళ్లు దాన్నే ఎసుసు అని కూడా అంటారు. పదిమంది నెలకు ఐదేసి వందల డాలర్లు వేస్తే ఐదువేలు ఒకరి చేతికి. మన చీటీ లాంటిదే కానీ పాట ఉండదు, తగ్గింపు ఉండదు, వంతు మాత్రమే. రాతకోతలు తక్కువ, మాట ఎక్కువ. ఎగ్గొట్టినవాడు ఆ సంఘంలో మళ్లీ తలెత్తుకోలేడు. ఆ భయమే పూచీకత్తు.

అంతా బాగుందని చెబితే అబద్ధమవుతుంది. మూడు చోట్ల దెబ్బలు తగలడం చూశాను.

మొదటిది చట్టం. బ్రిటన్‌లో స్టూడెంటు వీసా మీద ఉన్నవాళ్లు సొంత వ్యాపారం చేయకూడదు. తిండి వ్యాపారమైతే మొదలుపెట్టడానికి 28 రోజుల ముందే స్థానిక కౌన్సిల్లో నమోదు చేసుకోవాలి. ఇంట్లో వండి డబ్బాలు అమ్మితే ఎవరు చూస్తారులే అనుకుంటే వీసాకే ముప్పు. మన పిల్లలకూ ఇది వర్తిస్తుంది.

రెండోది సరుకు. పురుగుమందు అవశేషాలు ఎక్కువున్నాయని 2015లో యూరోపియన్ యూనియన్ నైజీరియా ఎండు గింజల దిగుమతిని ఆపేసింది. బొబ్బర్లు లేనిదే అకారా లేదు. ఊళ్లో నిలవచేసేటప్పుడు ఎవరో చల్లిన మందు, వేల మైళ్ల అవతల కొట్టువాడి బేరాన్ని దెబ్బతీసింది.

మూడోది అన్నిటికన్నా బాధాకరం, ఇంటికి పంపే డబ్బు. నైజీరియాకు విదేశాల నుంచి ఏడాదికి సుమారు 2,000 కోట్ల డాలర్లు చేరుతున్నాయని ప్రపంచ బ్యాంకు అంచనా. అందులో చాలామటుకు ఇంటి ఖర్చులకు. కొంత మాత్రం 'ఊళ్లో వ్యాపారం పెడదాం' అనే ఆశతో. నా మిత్రుడు కోళ్లఫారం కోసం వరసకు తమ్ముడయ్యే అతనికి మూడేళ్లు డబ్బు పంపాడు. ఫొటోలు వచ్చేవి. సెలవులో వెళ్లి చూస్తే ఫొటోలో షెడ్డు ఉంది కానీ అది పక్కవాడిది. తర్వాత నాతో అన్నాడు: "బంధువుకు ఇస్తే దానమని రాసుకోవాలి. వ్యాపారమైతే లెక్క అడగాలి. నేను రెండూ కలిపేశాను."

నిజాయితీగా నడిచినా నష్టం రావచ్చు. 2023 మొదట్లో డాలరుకు సుమారు 460 నైరాలు. ఆ జూన్‌లో మారకం రేటును వదిలేశాక, 2024లో డాలరు 1,500 నైరాలు దాటింది. 5,000 డాలర్లు పంపితే అప్పట్లో 23 లక్షల నైరాలు. ఇరవై శాతం లాభం వచ్చి 27 లక్షల 60 వేలు అయ్యాయనుకుందాం. 1,500 రేటున అది 1,840 డాలర్లు. పుస్తకంలో లాభం, జేబులో నష్టం. తెలివైనవాళ్లు లెక్క తిరగేశారు. ఖర్చు నైరాల్లో, రాబడి డాలర్లలో ఉండేలా చూసుకున్నారు. అబా పట్టణంలో కుట్టించిన బట్టలు, చెప్పులు తెప్పించి హ్యూస్టన్‌లో అమ్మారు.

ఇప్పుడు నేను అసలు చెప్పదలచుకున్నది. ఇగ్బోలలో 'ఇగ్బా బోయి' అనే పద్ధతి ఉంది. ఊరి కుర్రవాణ్ణి ఒక వ్యాపారి తన దగ్గర పెట్టుకుంటాడు. ఆ యజమానిని 'ఓగా' అంటారు. ఐదేళ్లో, ఏడేళ్లో తిండి, నీడ ఇచ్చి బేరం, సరుకు, లెక్క నేర్పుతాడు. జీతం ఉండదు. గడువు తీరాక అతనికి పెట్టుబడి, సరుకు ఇచ్చి సొంత కొట్టు పెట్టిస్తాడు. దాన్ని సెటిల్‌మెంట్ అంటారు. అంతర్యుద్ధం ముగిశాక ఇగ్బోలకు బ్యాంకు ఖాతాలో ఎంత సొమ్మున్నా చేతికి ఇచ్చింది 20 పౌండ్లే. ఆ స్థితి నుంచి వాళ్లు మళ్లీ లేవడానికి ఈ పద్ధతి ఎంతో సాయపడింది. శిష్యుడు కొట్టు పెడితే గురువుకు పోటీ కదా అని అడిగాను. మిత్రుడు నవ్వి, "పక్కన ఇంకో కొట్టు ఉంటేనే దాన్ని బజారు అంటారు" అన్నాడు.

ఇందులో లోపం లేకపోలేదు. గడువు దగ్గర పడగానే దొంగతనం అంటగట్టి వట్టి చేతులతో గెంటేసే ఓగాలు ఉన్నారు. కాగితం లేకపోవడమే కారణం.

మిత్రులారా, మన సంఘం ఏటా మొదటి మార్కులవాళ్లకు బహుమతులిస్తోంది. ఇవ్వాల్సిందే. కానీ పదో తరగతితోనో ఇంటర్‌తోనో ఆగిపోయినవాళ్ల సంగతేమిటి? ఈ హాలులో మోటారు వైండింగ్ షాపున్నవారున్నారు, మందుల కొట్టున్నవారున్నారు, లారీలు తిప్పేవారున్నారు, టెంట్‌హౌస్ ఉన్నవారున్నారు. మీరంతా ఓగాలే. పద్దెనిమిది నిండిన మన బడి పిల్లలను ఏటా ఇద్దరిని తీసుకోండి. మూడేళ్లు పని నేర్పండి, నెలనెలా భత్యం ఇవ్వండి. ఇగ్బోల దగ్గర లేని కాగితం మనం రాసుకుందాం, సంఘం సాక్షి సంతకం పెడుతుంది. మూడో ఏడు చివర వాళ్లు సొంతంగా నిలబడడానికి కావలసిన పెట్టుబడిలో సగం మీరు, సగం సంఘం. మొదటి ఇద్దరికి సంఘం వాటా నేను ఇస్తాను. ఈ మాట నలుగురిలో అంటున్నాను కనుక ఎగ్గొడితే మీ ముందు తలెత్తుకోలేను.

ఆ రాత్రి నేనూ నా భార్యా వేసుకున్న లెక్కలో ఎనిమిది నెలల తర్వాత గడి ఖాళీగా ఉండిపోయింది. నా మిత్రుడికి ఆ గడి నింపింది పదిమంది చేతులు కలిసి పెట్టించిన కొట్టు. మన బడి పిల్లలకు ఆ పదిమందీ మనమే కావాలి.