లూసీ డిగ్స్ స్లో: క్రీడాంగణము, విద్యాలయము



1874వ సంవత్సరమున ధవళేశ్వరమున వీరేశలింగము పంతులుగారు బాలికాపాఠశాలను నెలకొల్పిన నాటినుండి మన గోదావరీమండలమున స్త్రీవిద్యనుగూర్చి జరిగిన చర్చలు చాలవఱకు పుస్తకము చుట్టును తిరిగినవే గాని, ఆడుపిల్ల పరుగెత్తుట, బంతిని బలముగ గొట్టుట, పదిమంది యెదుట గెలుచుట, యోడుట యనువానిని విద్యలో భాగముగ నెంచి మాటాడినవారు అరుదు. ఆ లోపము నా మనస్సును చిరకాలముగ బాధించుచున్నది. అందుచేతనే టెన్నిసు విజేత్రియు, విద్యావేత్తయు నైన అమెరికా నల్లజాతి వనిత లూసీ డిగ్స్ స్లో జీవితమును ఈ స్మారకోపన్యాసమునకు విషయముగ గైకొంటిని.

వర్జీనియా రాష్ట్రమున బెర్రీవిల్‌లో జన్మించిన స్లో పసితనముననే తల్లిదండ్రులను గోల్పోయి, మేనత్త పెంపకమున బెరిగి, బాల్టిమోరున జదివి, విద్యార్థివేతనముతో వాషింగ్టనులోని హోవర్డు విశ్వవిద్యాలయమున జేరి 1908లో పట్టభద్రురాలయ్యెను. ఆ యేటనే వెలసిన ఆల్ఫా కప్పా ఆల్ఫా యను విద్యార్థినీసంఘ స్థాపకులలో నామె యొకతె. పిమ్మట బాల్టిమోరున ఆంగ్లము బోధించుచునే కొలంబియా విశ్వవిద్యాలయమున ఎం.ఏ. పట్టమును బొందెను.

ఆ దేశపు టెన్నిసు సంఘము తన పోటీలలో నల్లవారిని జేరనీయకుండుటచే, వారు 1916లో అమెరికన్ టెన్నిస్ అసోసియేషన్ అను వేఱొక సంఘమును స్థాపించుకొనిరి. మఱుసటి సంవత్సరము బాల్టిమోరులోని డ్రూయిడ్ హిల్ ఉద్యానమున జరిగిన తొలి జాతీయ పోటీలలో స్త్రీల సింగిల్సు బిరుదమును స్లో గెలుచుకొని, ఏ క్రీడయందైనను జాతీయ విజేత్రి యైన మొదటి నల్లజాతి స్త్రీ యని కీర్తి గాంచెను. చీలమండలవఱకు జీరాడు పావడతో స్త్రీలు కోర్టున నాడవలసిన కాలమది. బంతి మూలకు బోయినపుడెల్ల గుడ్డ కాళ్ళకు జుట్టుకొనును. పరికిణీ కుచ్చెళ్ళెగదోపి తొక్కుడుబిళ్ళ యాడిన మన కోనసీమ పిల్లల కా యిబ్బంది తెలియనిది కాదు.

ఆ విజయముతో ద్వారములన్నియు దెఱచుకొన్నవని తలపరాదు. ఆ యుద్యానముననే 1948 జూలైలో, తెల్లవారికై ప్రత్యేకించిన కోర్టులలో ఇరుజాతులవారును గలసి యాడబూనగా, పోలీసులు 24 మందిని నిర్బంధించిరి. నల్లజాతి వనిత ఆల్థియా గిబ్సన్ వింబుల్డనున సింగిల్సు విజేత్రి యగుటకు 1957వఱకు వేచియుండవలసివచ్చెను.

అయినను నా దృష్టిలో స్లో ఘనత యా బిరుదముకంటె, తరువాత నామె చేసిన పనియందే యెక్కువగా గలదు. 1922లో హోవర్డు విద్యార్థినులకు డీనుగా నియుక్తురాలగుచు, ఆచార్యపదవీ గౌరవమును, విశ్వవిద్యాలయ ప్రాంగణమునకు వెలుపల నివసించు స్వేచ్ఛను ఆమె ముందుగనే కోరి సాధించుకొనెను. డీనన విద్యార్థినులకు కావలికత్తె కాదనియు, తమ వ్యవహారములను తామే చక్కబెట్టుకొనుట వారికి నేర్పవలసిన విద్వాంసురాలనియు నామె దృఢవిశ్వాసము. ఆమె పట్టుదలవలన 1931లో విద్యార్థినులకు మూడు వసతిగృహములు వెలసినవి. విశ్వవిద్యాలయాధ్యక్షుడు మొర్డెకై జాన్సను ప్రాంగణమునకు రమ్మని యొత్తిడి చేసినను తన గృహమును వీడక, 1937 అక్టోబరులో మరణించువఱకు నా పదవియందే యుండెను.

ఈ సభాముఖమున మన కళాశాలాధికారులను నేను గోరునది యొక్కటి గలదు. బాలికల వసతిగృహములచెంత నొక్కొక టెన్నిసు కోర్టు చదును చేయించి, దాని తాళపుచెవిని బాలికల చేతికే యీయుడు.