ఒకే నీరు, రెండు పంటలు



కర్నూలు, కడప సీమలలో నీటి విలువను గూర్చి ఎవరికిని బోధింపనక్కరలేదు. 1876వ సంవత్సరమున మొదలైన ధాత కరువును ఈ ప్రాంతపు పెద్దలు తరతరములుగా చెప్పుకొనుచు వచ్చిరి. బియ్యము కడిగిన నీటిని పారబోయక కరివేపచెట్టు పాదునకు పోయుట ఈ సీమ గృహిణికి తల్లి నేర్పిన విద్య. నేటి ప్రసంగ విషయము ఆ విద్యకే మరియొక మెట్టు. పెరటిలో ఒకే నీటితో చేపలను, కూరగాయలను కలిపి పెంచు పద్ధతి ఇది. దీనికి ఆక్వాపోనిక్స్ అని పేరు.

పేరు క్రొత్తదే కాని మూలసూత్రము మన రైతునకు పాతదే. వేసవిలో చెరువు ఎండినప్పుడు రైతు అందలి ఒండ్రుమట్టిని బండ్లతో తోలి చేలకు వేయును. చేపల యొక్కయు, పశువుల యొక్కయు విసర్జనములు, కుళ్లిన ఆకులు, నాచు ఆ మట్టిలో కలిసియుండుటచే అది పైరునకు ఎరువగుచున్నది. చెరువులో ఏడాదికి ఒకమారు జరుగు పనిని పెరటిలో గంటగంటకు జరిపించుటయే ఈ పద్ధతి.

ఇందలి శాస్త్రము ఇట్టిది. చేపలు తిన్న మేతలోని మాంసకృత్తుల వలన నీటిలో అమ్మోనియా చేరును. అది చేపలకు విషము. కంటికి కనబడని సూక్ష్మజీవులు ఆ అమ్మోనియాను మొదట నైట్రైటుగను, పిదప నైట్రేటుగను మార్చును. నైట్రైటు కూడ విషమే. నైట్రేటు మాత్రము మొక్కలకు ఆహారము. ఈ మార్పునకు కారణమగు సూక్ష్మజీవులను రష్యా దేశీయుడైన సెర్గీ వినోగ్రాడ్‌స్కీ 1890 ప్రాంతమున వేరుపరచి చూపెను. మొక్కల వ్రేళ్లు నైట్రేటును పీల్చుకొనగా తేరిన నీరు మరల చేపలను చేరును. 1980 తరువాత కరీబియన్ సముద్రమందలి సెయింట్ క్రోయి ద్వీపమున, వర్జిన్ ఐలండ్స్ విశ్వవిద్యాలయములో జేమ్స్ రాకోసీయు, ఆయన సహచరులును దీనిని క్రమబద్ధమైన వ్యవసాయముగా తీర్చిదిద్దిరి. అదియు మంచినీటికి కటకటపడు ద్వీపమే యగుట గమనింపదగినది.

ఇక నిర్మాణము. ఆరంభకునకు 1000 లీటర్ల తొట్టి చాలును. పొడవు, వెడల్పు, లోతు ఒక్కొక్క మీటరు చొప్పున నున్నచో అంత నీరు పట్టును. దాని ప్రక్కన, తొట్టికంటె ఎత్తుగా, రెండు చదరపు మీటర్ల వైశాల్యము, అడుగు లోతు గల మడి కట్టి కంకర నింపవలెను. చిన్న విద్యుత్ మోటారు తొట్టినీటిని మడికి ఎక్కించును. గంటలో పావుగంట మడి నిండి, తక్కిన సమయమున ఆ నీరు గొట్టము గుండ తనంతట తొట్టిలోనికి దిగవలెను. అట్లు దిగునప్పుడు వ్రేళ్లకు గాలి తగులును. తొట్టినీటిలోనికి గాలి నూదు చిన్న యంత్రము మాత్రము రేయింబవళ్లు నడువవలెను. కంకర మొక్కలకు ఆధారము మాత్రమే కాదు. ముందు చెప్పిన సూక్ష్మజీవులకు అదియే నివాసము.

ఇచ్చట ఈ సీమవారికి ప్రత్యేకముగా చెప్పవలసిన మాట యొకటి కలదు. బేతంచెర్ల, కడప ప్రాంతముల నాపరాయి ఎల్లెడల ప్రసిద్ధము. చవుకగా దొరకునది గనుక దాని ముక్కలనే మడిలో నింపవలెనని ఎవరికైనను తోచును. నాపరాయి సున్నపురాయి జాతి. అది నీటిలో కొద్దికొద్దిగా కరగి క్షారగుణమును పెంచును. అసలే కఠినమైన బావినీరు మరింత కఠినమగును. అట్టి నీటిలో మొక్కకు ఇనుము అందదు. లేత ఆకులు పసుపువారి, ఈనెలు మాత్రము పచ్చగా నిలుచును. అంతకంటె ప్రమాదమేమనగా, క్షారగుణము హెచ్చిన నీటిలో అమ్మోనియా విషము తీవ్రమగును. కావున కంకరపై నిమ్మరసము పిండి చూడవలెను. నురగ వచ్చినచో ఆ రాయి పనికిరాదు. నల్లరాతి కంకర తెచ్చుకొనవలెను. నాపరాతి బండలతో తొట్టి కట్టినవారు లోపల దళసరి ప్లాస్టిక్ పట్టా పరచుట మేలు. వానకాలమున ఇంటికప్పు నీటిని పట్టి నిలువచేసి బావినీటిలో కలుపుకొన్నచో కాఠిన్యము తగ్గును. క్లోరిను కలిపిన కుళాయి నీటినైనచో ఒకటి రెండు దినములు ఆరుబయట నిలువయుంచి వాడవలెను.

ఆరంభకుల ఆశ భంగమగునది ఎక్కువగా మొదటి నెలలోనే. ఒక గృహస్థు తొట్టి కట్టిన మరునాడే నూరు చేపపిల్లలను తెచ్చి విడిచెననుకొందము. ఇంట పిల్లలు ముచ్చటపడి గుప్పిళ్లతో మేత చల్లుదురు. సూక్ష్మజీవులు ఇంకను పుట్టలేదు. వారము తిరుగకముందే చేపలు నీటిపై తేలును. ఆ గృహస్థు తన అదృష్టమును నిందించుకొని తొట్టిని బోర్లించును. దోషము అదృష్టమున లేదు, తొందరలో కలదు. మొదట పెంచవలసినవి చేపలును కావు, మొక్కలును కావు. ఆ కానరాని జీవులే. చేపలు లేని తొట్టిలో దినమునకు చిటికెడు మేత వేసి నీటిని త్రిప్పుచుండిన, నెల నుండి నెలన్నర లోపల అవి వృద్ధి పొందును. అలంకారపు చేపలు అమ్ము దుకాణములలో నీటిని పరీక్షించు చుక్కల మందు దొరకును. అమ్మోనియా, నైట్రైటు రెండును దాదాపు సున్నకు దిగి నైట్రేటు కనబడిన దినమే చేపపిల్లలను విడువవలసిన దినము.

ఏ చేపలు? బొచ్చె విశాలమైన చెరువులో సుఖముగా పెరుగును గాని తొట్టిలో కాదు. ఆరంభకునకు ఓర్పు గల బంగారుతీగ అనుకూలము. కొర్రమీను గాలి పీల్చుకొని బ్రతుకగలదు గాని, అది మాంసాహారి, మేత కష్టము. జిలేబీ చేప అనబడు తిలాపియాను పెంచుటకు ప్రభుత్వపు అనుమతి కావలెను. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ పెంపకము నిషిద్ధము. మత్స్యశాఖవారిని విచారించి నమ్మకమైన పిల్లలను తెచ్చుకొనుట మంచిది.

ఎన్ని చేపలు, ఎంత మడి అను ప్రశ్నకు ప్రత్యుత్తరము ఈ సీమలోనే ఒక రాతిపై దొరకుచున్నది. మొదటి బుక్కరాయల కుమారుడగు భాస్కర భవదూరుడు పోరుమామిళ్లలో చెరువు కట్టించి 1369వ సంవత్సరమున శాసనము వేయించెను. మంచి చెరువునకు కావలసిన పండ్రెండు సాధనములను, చెరువునకు కలుగు ఆరు దోషములను అందు చెప్పిరి. నీరు స్వల్పమై భూమి విస్తారముగా నుండుట ఒక దోషము. భూమి స్వల్పమై నీరు విస్తారముగా నుండుట మరియొక దోషము. చెరువునకును ఆయకట్టునకును చెప్పిన ఆ కొలతయే తొట్టికిని మడికిని వర్తించును. చేపలు హెచ్చి మొక్కలు తగ్గినచో నీరు చెడును. మొక్కలు హెచ్చి చేపలు తగ్గినచో ఆకు వెలవెలపోవును.

కొలత ఇట్లు వేయవచ్చును. ఆకుకూరల మడి చదరపు మీటరునకు దినమునకు సుమారు 50 గ్రాముల మేత చాలును. అనగా రెండు మీటర్ల మడికి 100 గ్రాములు. పెరిగిన చేప దినమునకు తన బరువులో నూటికి రెండు వంతులు తినుననుకొన్నచో, 200 గ్రాముల చేపలు 25 ఆ మేతను తినును. కాని తొలినాళ్లలో పిల్లలు తినునది కొన్ని గ్రాములే. కావున మడియంతయు ఒకేమారు నాటక, మేత పెరిగిన కొలది మొక్కలను పెంచవలెను. చేపలు 200 గ్రాములు దాటిన కొలది పెద్దవానిని తీసి వంటకు వాడుకొనవలెను. పాలకూర, తోటకూర, మెంతి, పుదీన మొదట నాటదగినవి. టమాట, వంగ రెండవ ఏట చూచుకొనవచ్చును. పురుగుమందు ఒక్క చుక్కయు వాడరాదు. వేపనూనె సైతము నీటిలో పడరాదు.

ఈ సీమలో ఇద్దరు శత్రువులు కలరు: ఎండ, విద్యుత్తు పోవుట. నీరు కాగిన కొలది అందలి ప్రాణవాయువు తగ్గును. కావున తొట్టిపై తాటాకు పందిరి తప్పదు. విద్యుత్తు నిలిచినప్పుడు మేత ఆపివేసి, బిందెతో నీటిని ముంచి ఎత్తునుండి పోయుచుండవలెను. చేపలు పలుచగా నున్న తొట్టిలో ఈ ఉపాయము గండము గడుపును. క్రిక్కిరిసిన తొట్టిలో గంటల వ్యవధియే మిగులును. తక్కువ చేపలతో ప్రారంభింపుమనుటకు ఇది రెండవ కారణము.

దీనివలన ధనవంతులగుదురని ఎవరైనను చెప్పినచో నమ్మరాదు. జొన్న, శనగ, వేరుశనగ పండించు చేనికి ఇది బదులు కాదు. మోటారునకు, మేతకు ఖర్చు కలదు. అంత పెట్టుబడి లేనివారు చేపల తొట్టి నీటిని దినమునకు రెండు బిందెలు ముంచి కూరపాదులకు పోసి, అంత మంచినీరు తొట్టిలో నింపినను ఫలములో కొంత దక్కును. మోటారు పద్ధతిలో నీరు ఆవిరియై పోయినంత, ఆకులు పీల్చినంత మాత్రమే నింపవలసియుండును. చేని పైరు వాడిన వైశాఖమాసమున కూడ ఇంటి పిల్లల విస్తరిలో పచ్చని ఆకుకూరయు, చేపముక్కయు పడుట సామాన్యమైన లాభము కాదు.

గ్రంథాలయమున పుస్తకము ఒకరు చదివి తిరిగి ఇచ్చినంత మాత్రమున తరుగదు; మరియొకరి చేతికి పోయి మరల ఫలించును. నీటిని కూడ అట్లే వాడనేర్చినచో ఈ సీమకు మేలు. ఆసక్తి గల నలుగురు కలిసి ముందు ఒక్క తొట్టి కట్టి, ఏడాది పొడవున మేత, నీరు, చేపల బరువు ఒక పుస్తకమున వ్రాసి ఈ గ్రంథాలయమున నుంచుదురుగాక. ఆ లెక్క చదివి రెండవ తొట్టి కట్టువారు మొదటివారి తప్పులు చేయకుందురు.