దవాఖానాయా, బీమా కార్డా?
(చొప్పదండి పఠనమందిరమున చేసిన ఉపన్యాసము)



జ్వరము వచ్చిన రైతు ఈ యూర ముందుగా త్రొక్కు గడప ఆర్.ఎం.పి. గడపయే. అచట నొక సూది, గ్లూకోజు సీసా. తగ్గనిచో కరీంనగరము. అచటను కాదన్నచో హైదరాబాదు. పొలము తాకట్టు పడునది ఈ మూడవ మజిలీలోనే.

ఆ తాకట్టును తప్పించుటకే 2007 ఏప్రిలు 1వ తేదీన ఆరోగ్యశ్రీ పుట్టినది. ప్రభుత్వము పేదల తరఫున ప్రీమియము కట్టగా, ప్రైవేటు బీమా కంపెనీ పూచీపడెను. తరువాత ఆ భారమును ప్రభుత్వ ట్రస్టే వహించినది. కుటుంబమునకు 5 లక్షలుగా నుండిన పరిమితి తెలంగాణమున 2023 డిసెంబరులో 10 లక్షలైనది. గుండెకు శస్త్రచికిత్స పొంది బ్రతికివచ్చిన పేదలెందరో కలరు. ఆ మేలును కాదనుట కృతఘ్నత.

అయినను ఒక్క మాట అడుగక తప్పదు. రక్తపుపోటునకు దినమొక మాత్ర చాలును. అది యందక పక్షవాతము వచ్చినపిమ్మట లక్షలు మంజూరగును! ఆరోగ్యశ్రీ ప్రధానముగా ఆసుపత్రిలో చేరవలసిన రోగమునకే గాని యీ మాత్రకు గాదు. మాత్ర యిచ్చునది ప్రాథమిక ఆరోగ్యకేంద్రము. చెరువుకట్ట తెగువరకు ఊరకుండి, మునిగిన పొలమునకు పరిహారము పంచుట యెట్టి పాలన? 1946లోనే భోర్ సంఘము పదివేలు మొదలు ఇరువదివేల జనమునకు 75 పడకల ఆసుపత్రి యొకటి యుండవలెనని దీర్ఘకాల ప్రణాళిక వ్రాసినది. మనకున్నవెన్ని పడకలో మీరే లెక్కింపుడు.

ఉద్యోగులు, వర్తకులు ప్రైవేటు బీమా కొనుచున్నారు. 2025 సెప్టెంబరు 22 నుండి వ్యక్తులు కొను ఆరోగ్యబీమాపై 18 శాతము జి.ఎస్.టి. తొలగినది, సంతోషమే. కాని కంపెనీ తన లాభము చూచుకొనును. ముందే యున్న రోగమునకు మూడేండ్లవరకు గడువు పెట్టవచ్చును. రోగము గడువు పాటించునా?

ఆ సెప్టెంబరులోనే, బకాయిలు చెల్లలేదని ప్రైవేటు ఆసుపత్రులు కొన్ని దినములు ఆరోగ్యశ్రీ సేవలు నిలిపినవి. తప్పెవరిదో మేమిపుడు విచారింపము. కార్డు చేతబట్టుకొని నిలిచిన పేదకు ఆ దినములలో నమ్మదగిన తలుపు సర్కారు దవాఖానాది. అచట వైద్యుడు, మందు, పడక లేనిచో ఆ కార్డు ఉత్త కాగితమే.

బీమా వలదని మేమనము. సర్కారు ఆసుపత్రియు ఆరోగ్యశ్రీక్రింద చికిత్స చేసి సొమ్ము పొందవచ్చును. కరీంనగరమున 2023లో ప్రభుత్వ వైద్యకళాశాలయు వచ్చినది. అచట చేయదగిన చికిత్సలను ముందుగా అచటనే చేయించి, వచ్చిన సొమ్ము అచటనే వెచ్చింపవలెను. బడ్జెటులో పల్లె కేంద్రముల మందుల పద్దును మొదట తీసి, పిదప బీమా పద్దు వ్రాయవలెను. ఓటడుగ వచ్చినవారిని, కార్డు పరిమితి యెంతకు పెంచెదరని గాక, చొప్పదండి దవాఖానాలో రాత్రివేళ డాక్టరుండునా యని అడుగుడు.